రెండో జీతంలో మిగిలేదెంత, మానేస్తే పోయేదెంత

అనంతపురం లాంటి ఊళ్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఈ చర్చ ఎక్కువగా బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి మొదలవుతుంది. ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు ఇస్తున్న సెలవు 26 వారాలు. ఆ సెలవు ముగిసే రోజు దగ్గర పడేకొద్దీ బిడ్డను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న ఇంట్లో గట్టిగా వినిపిస్తుంది. నియామక పత్రం కూడా ఇవ్వని చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మాయికైతే చాలాసార్లు ఆ ఆరు నెలలూ దొరకవు. కడుపుతో ఉండగానే మానుకోవాల్సి వస్తుంది.

ఆ చర్చలో అందరూ ముందుగా అనే మాట: "వచ్చే జీతమంతా ఆయాకూ ఆటోకూ సరిపోతాంది, ఇంట్లో ఉంటే పోలా?" ఈ మాటలో సగం నిజం ఉంది. ఈ నెల లెక్క వరకూ అది సరైనదే. పదేళ్ల లెక్క వేసి, ఆ నష్టం ఎవరి పేరు మీద పడుతోందో చూస్తే మిగతా సగం బయటపడుతుంది. ఒక్క జీతం మీద ఇల్లు నడపడం అనంతపురంలో చాలా కుటుంబాలకు సాధ్యమే. అయితే ఇల్లంతా కలిసి తీసుకున్న నిర్ణయానికి ఖరీదు ఒక్క మనిషే కడుతుంటే, ఆ ఇంటికి అది భరించగలిగిన నిర్ణయమని అనుకోవడం కష్టం.

ముందు ఈ నెల లెక్క చూద్దాం. ఇక్కడి అంకెలు ఒక ఊహా కుటుంబానివి. ఎవరి ఇంటి అంకెలు వాళ్లు పెట్టుకుని చూసుకోవచ్చు. భర్తకు చేతికి వచ్చేది నెలకు 32,000. భార్య ప్రైవేటు స్కూలు టీచరు, 14,000. ఏడాదిన్నర పాప ఉంది. భార్య ఉద్యోగానికి వెళ్లాలంటే పాపను చూసుకునే మనిషికి 4,500 ఇవ్వాలి. స్కూటీ పెట్రోలుకు 1,500. గిన్నెలకూ బట్టలకూ పనిమనిషిని పెట్టుకుంటే 1,500. సాయంత్రం అలసిపోయి వచ్చిన రోజుల్లో కర్రీ పాయింట్ నుంచి తెచ్చే కూరలకు మరో 1,500. చీరలు, ఫోను, తోటి టీచర్ల ఇళ్లలో శుభకార్యాలకు పెట్టే చదివింపులు కలిపి 700 అనుకుందాం. మొత్తం 9,700. జీతంలో మిగిలేది 4,300.

ఈ 4,300 కోసం ఆమె పొద్దున ఎనిమిదికి బయలుదేరి సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరుతుంది. రాత్రి పేపర్లు దిద్దుతుంది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటను మూర్ఖత్వంగా కొట్టిపారేయలేం. రెండో జీతాన్ని 14,000గా లెక్కపెట్టుకునే కుటుంబం తనను తాను మోసం చేసుకుంటున్నట్టే. ఆ జీతం సంపాదించడానికి అయ్యే ఖర్చును అందులోంచే తీసేయాలి.

కానీ ఆ 9,700లో సగానికి దగ్గరగా ఉన్నది ఒక్క ఖర్చే, పాపను చూసుకునే మనిషిది. అది శాశ్వతం కాదు. అవ్వ ఇంట్లోనే ఉంటే అది మొదటి నెల నుంచే ఉండదు. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో పంపవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఊరి నుంచి టౌనుకు వచ్చి పని చేసే ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం బస్సు చార్జీని పూర్తిగా తీసేసింది. గార్లదిన్నె నుంచో రాప్తాడు నుంచో రోజూ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ఆయాకు, సేల్స్ గర్ల్‌కు, నర్సుకు రెండో జీతంలో మిగిలేది ఆ మేరకు పెరిగింది. అంటే 4,300 అనేది పాప పసితనపు అంకె. అదే ఇంట్లో నాలుగేళ్ల తర్వాత ఆ అంకె 9,000కు దగ్గరగా రావచ్చు. తక్కువ మిగిలే ఏళ్లను చూసి శాశ్వతంగా మానేస్తే, ఎక్కువ మిగలబోయే ఏళ్లను కూడా వదులుకున్నట్టే.

ఇప్పుడు రెండో వైపు. 32,000తో ఇల్లు నడుస్తుందా? సాయినగర్‌లోనో రాంనగర్‌లోనో రెండు గదుల ఇంటికి బాడుగ 8,000 అనుకుందాం. సరుకులు 6,000. రోజుకు లీటరు పాలు, నెలకు 1,800. కూరగాయలు, పండ్లు, గుడ్లు, ఆదివారం మాంసం కలిపి 4,000. గ్యాస్, కరెంటు, తాగే నీళ్లు 2,200. బండి కంతు, పెట్రోలు 4,500. ఫోన్లు 900. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులకు 2,000. అన్నీ కలిపితే 29,400. నెలకు మిగిలేది 2,600, ఏడాదికి 31,200. ఈ డబ్బులోనే ఉగాదీ దసరా బట్టలు రావాలి, చెల్లెలి కూతురి పెళ్లికి చదివింపులు పెట్టాలి, పాపకు జ్వరం వస్తే ఆస్పత్రి ఖర్చు పెట్టుకోవాలి, రెండేళ్లలో మొదలయ్యే స్కూలు ఫీజు కట్టాలి. ఇది నడిచే లెక్కే గానీ, ఒక్క ఆపరేషన్ వస్తే ఆగిపోతుంది.

అదే కుటుంబానికి పాతూరులో తాతల నాటి ఇల్లు ఉందనుకోండి. బాడుగ లేదు. ఏడాదికి 96,000 మిగిలిపోయింది. అమ్మగారి ఊరి నుంచి బియ్యం, కందిబేడలు, చెనక్కాయలు వస్తే సరుకుల ఖర్చు మరికొంత తగ్గింది. జీతం రూపాయి కూడా మారకుండానే ఆ ఇంటి పరిస్థితి పూర్తిగా మారింది. ఒక్క జీతం చాలుతుందా అని అడిగేటప్పుడు జనం జీతం అంకె చెబుతారు. నిజానికి ముందు అడగాల్సింది బాడుగ ఎంత, కంతులు ఎన్ని అని. అనంతపురంలో సొంత ఇంట్లో 30,000తో బతికే కుటుంబం బెంగళూరులో బాడుగ ఇంట్లో 60,000తో బతికే కుటుంబం కన్నా నిబ్బరంగా ఉండగలదు. బెంగళూరు నుంచి తిరిగొచ్చే కుర్ర జంటల్లో కొందరి లెక్క ఇదే.

బాడుగ తర్వాత చూడాల్సింది ఆ ఒక్క ఆదాయం ఎంత నికరమైనదన్నది. ప్రభుత్వ టీచరు జీతం 32,000, లారీ ట్రాన్స్‌పోర్టులో గుమాస్తా జీతం 32,000 కాగితం మీద ఒకటే. గుమాస్తాకు ఏ నెలైనా పని పోవచ్చు. ఆటో నడిపే మనిషికి చేయి విరిగితే ఆ నెల ఆదాయం సున్నా. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే రైతు సంగతి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇలాంటి ఇళ్లలో రెండో జీతం చేసే అసలు పని మొదటి జీతం ఆగిన నెలలో పొయ్యి వెలిగించడం. అది చిన్నదైనా సరే, దాని విలువ 4,300తో కొలిచేది కాదు. ఆ రక్షణ లేని ఇంట్లో మొదటి ఆపదకే బంగారం బ్యాంకుకు పోతుంది. రెండో ఆపదకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి నూటికి 24. లక్ష అప్పుకు నెల వడ్డీ 2,000, పైన చూసిన ఇంట్లో మిగిలే 2,600లో చాలా భాగం. ఆదాయం నికరంగా లేని ఇంట్లో ఒకరు ఉద్యోగం మానాలంటే కనీసం ఆరు నెలల ఖర్చు ముందుగా బ్యాంకులో వేసి ఉంచుకోవాలి. ఎత్తిన చీటీ పాట డబ్బు దీనికి పనికిరాదు. దాని కంతులు ఇంకా కట్టాల్సినవే కాబట్టి అది అప్పు కిందే లెక్క.

ఈ చర్చ అంతా టౌను మధ్యతరగతిది. పల్లెల్లో కూలికి వెళ్లే ఇళ్లలో ఒకరు ఇంట్లో ఉండటమన్న ప్రశ్నే రాదు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. బాలింత ఇంట్లో ఉన్న ప్రతి పనిదినం ఇంటికి ఆ 307 నేరుగా తగ్గుతుంది, సెలవు జీతం ఇచ్చేవాళ్లెవరూ లేరు. ధర్మవరం చేనేత ఇళ్లలో పరిస్థితి మరోలా ఉంటుంది. మగ్గం మీద కూర్చున్నది భర్త అయినా, దారం సిద్ధం చేసేందుకు ఆసు పోసేదీ కండెలు చుట్టేదీ తరచుగా ఇంట్లోని ఆడవాళ్లే. కూలి చీర లెక్కన వస్తుంది, అది మగ్గం నేసిన మనిషి సంపాదనగానే లెక్కకు ఎక్కుతుంది. అక్కడ ఇంట్లో ఉండే తల్లి సంపాదిస్తూనే ఉంది, పేరు మాత్రం లేదు. అలాంటి ఇంటిని ఒక్క ఆదాయం ఇల్లు అనడం తప్పు.

ప్రభుత్వ సాయం గురించి కూడా చెప్పాలి. తల్లికి వందనం కింద చదువుకునే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000 అని ప్రకటించి, స్కూలు నిర్వహణకు 2,000 తీసి 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. ఇద్దరు పిల్లలుంటే 26,000, చిన్న మొత్తం కాదు. కానీ పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000, పల్లెలో 10,000 దాటకూడదన్నది నిబంధన. 32,000 జీతపు ఇల్లు ఆ గీతకు చాలా పైన ఉంది. ఒక్క జీతంతో సర్దుకునే మధ్యతరగతికి పిల్లల పెంపకంలో చేయూత అంటూ దాదాపు ఏమీ లేదు. ప్రభుత్వోద్యోగులకు సెలవులున్నాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వాడుకోవచ్చు, మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. ఉద్యోగం వదలకుండానే బిడ్డను చూసుకునే వీలు వాళ్లకుంది. ప్రైవేటు స్కూలు టీచరుకు, నర్సుకు, షోరూం అమ్మాయికి ఉన్న దారులు రెండే, వెళ్లడం లేదా మానేయడం.

మానేస్తే పోయేవాటిలో జీతం కంటికి కనిపిస్తుంది. మిగతావి కనిపించవు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పీఎఫ్ (భవిష్య నిధి) ఉండాలి. మూల వేతనం 12,000 అనుకుంటే ఉద్యోగి వాటా 12 శాతం 1,440, యజమాని వాటా మరో 1,440. నెలకు 2,880. అయిదేళ్లు మానేస్తే వడ్డీ కలపకుండానే 1,72,800 పోయినట్టు. యజమాని వాటాలో కొంత పింఛను పథకానికి వెళ్తుంది, ఆ పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. ఏడేళ్లు చేసి మానేసిన అమ్మాయి ఆ పదేళ్లకు మూడేళ్ల దూరంలో ఆగిపోతుంది. అలా మానేవాళ్లు పింఛను డబ్బు వెనక్కి తీసుకోకుండా స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీసు పోదు, మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు దానికి కలుస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఉద్యోగం మానాక పీఎఫ్ మొత్తం తీసి ఇంటికి రంగులకో బండికో పెట్టేస్తారు. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అదే రేటు కొనసాగిందనుకుంటే, ముట్టుకోకుండా వదిలిన లక్ష ఇరవై ఏళ్లలో సుమారు 4 లక్షల 88 వేలు అవుతుంది. ఆ డబ్బు ఆమెది, ఆమె పేరు మీద ఉన్నది. ఇల్లు మానమన్నందుకు ఆమె ముసలితనపు డబ్బు కూడా ఇల్లే తినేయడం న్యాయం కాదు.

ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ సంగతి ఇంకా తక్కువమంది లెక్కలోకి తీసుకుంటారు. నెల వేతనం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ వర్తించే చోట పనిచేసే ఉద్యోగి తన వాటాగా 0.75 శాతమే కడతారు. యజమాని 3.25 శాతం కడతాడు. అందుకు బదులుగా వైద్యం ఉద్యోగికే కాదు, భర్తకు లేదా భార్యకు, పిల్లలకు, ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా అందుతుంది. హిందూపురం వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇల్లాలి భర్త ఆటో నడుపుతుంటే, ఆ ఇంట్లో ఈఎస్ఐ కార్డు ఆమెది ఒక్కటే. ఆమె మానేస్తే కొన్ని నెలలకే ఇంటిల్లిపాదికీ ఆ కార్డు లేనట్టే. ఆ ఇంట్లో ఎవరు మానాలన్న ప్రశ్నకు జీతాల తేడా ఒక్కటే చూసి జవాబు చెప్పకూడదు.

పన్ను విషయం కొద్ది ఇళ్లకే సంబంధించింది కాబట్టి క్లుప్తంగా. మన దేశంలో ఆదాయపు పన్ను మనిషికి విడివిడిగా లెక్కిస్తారు, కుటుంబానికి కాదు. 2025-26 కొత్త విధానంలో చెరో 8 లక్షల జీతం ఉన్న దంపతులకు పన్ను లేదు. అదే 16 లక్షలు ఒక్కరే తెచ్చే ఇంటికి స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక కూడా సెస్సుతో కలిపి 1,13,100 పడుతుంది. బెంగళూరు కంపెనీకి అనంతపురం ఇంటి నుంచే పనిచేసే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంట్లో చేసే పనికి వెల కట్టగలమా అంటే, న్యాయస్థానాలు ఎప్పటినుంచో కడుతున్నాయి. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే పరిహారం లెక్కించాలి కదా. 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కగట్టి తీరాలంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పు భాగంలో 2011 జనాభా లెక్కలను ఉదహరించారు. ఇంటిపనే తమ ప్రధాన వ్యాపకమని చెప్పిన స్త్రీలు 15.98 కోట్లు, పురుషులు 57.9 లక్షలు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అందుకే "తల్లిదండ్రుల్లో ఒకరు ఇంట్లో ఉండాలి" అని ఎంత సమానంగా చెప్పినా, ఆ ఒకరు ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. భర్త జీతం తక్కువైన ఇళ్లలో కూడా మానేది భార్యే కావడం మామూలు. ఆ ఇళ్లలో అది డబ్బు లెక్క కానే కాదు, నలుగురి మాటకు భయం.

ఆమె మనిషిగా తనకు తాను ఎంచుకుని ఇంట్లో ఉంటే అది గౌరవించాల్సిన నిర్ణయం. బిడ్డ తొలి రెండు మూడేళ్లు పక్కన ఉండాలనుకోవడం బలహీనత కాదు. ఆ గౌరవం మాటల్లో కాకుండా పాసుపుస్తకంలో కనిపించాలి. 32,000 జీతంలో బాడుగకు ఎలా తీస్తారో, ఆమె ముసలితనానికీ అలాగే ప్రతి నెలా మొదట తీయాలి. ఇది మొదలుపెట్టడానికి పెద్ద మొత్తాలు అక్కర్లేదు. అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల వాళ్లు చేరవచ్చు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కాకుండా. జీతం లేని గృహిణి సొంత పొదుపు ఖాతాతోనే చేరవచ్చు. ముప్ఫై ఏళ్లప్పుడు చేరి నెలకు 577 కడితే అరవై తర్వాత నెలకు 5,000 పింఛను. పోస్టాఫీసులో ఆమె పేరున పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతా తెరిస్తే ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా వేయవచ్చు. భర్త వేసిన డబ్బే అయినా దాని వడ్డీకి పన్ను ఉండదు.

ఒక్క సంపాదన మీద ఆధారపడే ఇంట్లో ఆ సంపాదించే మనిషికి టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. పెద్ద పాలసీ కట్టలేని ఇల్లు కూడా ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతిలో 2 లక్షలు, 20 రూపాయలతో సురక్షా బీమాలో ప్రమాదానికి 2 లక్షలు తీసుకోగలదు. ఇద్దరికీ తీసుకోవాలి, ఇల్లు చూసుకునే మనిషి లేకపోయినా ఖర్చు ఆగదు గనుక. అప్పులున్న వ్యాపారి, కాంట్రాక్టరు అయితే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ రాయించాలి. అలా రాయించిన పాలసీ డబ్బు భార్యాపిల్లలకే చెందుతుంది, భర్త అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకునే రోజే ఫారంలో ఆ విషయం రాయాలి. తర్వాత కలపడం కుదరదు కాబట్టి ఏజెంటు చెప్పకపోయినా అడిగి రాయించుకోవాలి.

ఇక తిరిగి ఉద్యోగానికి వెళ్లడం. పాప ఒకటో తరగతిలో చేరాక మళ్లీ వెళ్తానని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పాపకు ఆరేళ్లు వచ్చేసరికి మామగారికి డెబ్బై దాటి ఉంటుంది. అత్తకు మోకాళ్లు, మామకు షుగరు. ఇంట్లో ఉన్న మనిషి ఎలాగూ ఉంది కదా అని ఆ బాధ్యత కూడా ఆమె మీదే పడుతుంది. మూడేళ్లనుకున్నది పన్నెండేళ్లవుతుంది. అందుకే మానేటప్పుడే ఎన్నేళ్లకో, ఆ తర్వాత ముసలివాళ్లను ఎవరెవరు ఎలా చూసుకోవాలో మాట్లాడుకోవడం అవసరం. ఆడపడుచులు, బావమరుదులు కూడా ఆ మాటల్లో ఉండాలి. టీచరు వృత్తిలో ఉన్నవాళ్లు మధ్యలో బీఈడీ పూర్తి చేసుకోవచ్చు, టెట్ రాసుకోవచ్చు. నర్సులు కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను గడువు దాటకుండా చూసుకోవాలి. సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పినా నెలకు రెండు మూడు వేలు వస్తాయి, చేతిలో పని పోదు. ప్రతి ఏటా జూన్‌లో స్కూలు ఫీజు కట్టే వారంలోనే ఇద్దరూ కూర్చుని బాడుగ, కంతులు, మిగులు, ఆమె ఖాతాలో ఆ ఏడాది పడిన మొత్తం ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, మరో ఏడాది ఇలాగే సాగాలా వద్దా అన్నది ఇద్దరూ అంకెలు చూసే తేల్చుకోగలరు.